నారింజ రంగు నల్ల కారు

లంపాంగ్ జిల్లా బాన్ సక్‌థోంగ్ పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, తూనికల కార్యాలయంలో సహాయాధికారిగా పనిచేస్తున్న బన్లూ గారి కారు నారింజ రంగుది. చూసేవాళ్లకు అది నల్లగా కనిపిస్తే కనిపించవచ్చు. అది వాళ్ల కళ్లకు సంబంధించిన విషయం. కారు వెనక అద్దం మీద "ఈ కారు నారింజ రంగుది" అని గుండ్రటి తెల్ల అక్షరాలతో స్టిక్కరు అంటించి ఉంది. అక్షరాస్యులైన పౌరులు ఆ మాటను గౌరవించవలసిందిగా కోరడమైనది.

మా ఊళ్లో ఇలాంటి కార్లకు కొదవ లేదు. పోస్టాఫీసు ముందు ఆగే తెల్ల వ్యాను నిజానికి ఊదా రంగుది. పళ్ల డాక్టరు గారి ఎర్ర కారు ఆకుపచ్చది. పుట్టిన వారానికి పడని రంగు కారు కొన్నవాళ్లు కొత్తగా రంగు వేయించే ఖర్చు తప్పించుకుని గ్రహాలకు నచ్చచెప్పే పద్ధతి ఇది. గ్రహాలు చదువుకున్నవి. అంటించిన కాగితం చదువుకుని, సరేలెమ్మని తమ దారిన తాము వెళ్లిపోతాయి. ఇంతవరకు ఏ గ్రహమూ దిగివచ్చి గోరుతో గీకి చూసిన దాఖలా లేదు.

బన్లూ నిజాయితీపరుడు. ఈ మాట ఎత్తిపొడుపుగా అంటున్నది కాదు. బజారులో కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. మఖమల్ గుడ్డ వేసిన పెట్టెలో ఇత్తడి గుండ్లు పెట్టుకుని దుకాణం దుకాణం తిరిగేవాడు. సరిగ్గా ఉన్న కాటాకు "పరీక్షించబడినది" అని స్టిక్కరు అంటించేవాడు. ఉల్లిపాయల కాటా వెంట్రుకవాసి తేడాగా ఉన్నా మళ్లీ వాడకుండా సీలు వేసేవాడు. బజారు ఆడవాళ్లు ఆయనకు అరగ్రాము అయ్యగారని పేరు పెట్టారు. తూచి చూడకుండా స్టిక్కరు వేసిపెట్టమని బతిమాలిన కోడిగుడ్ల వ్యాపారిని నడివీధిలో నిలబెట్టి ఆయన ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ బజారులో చెప్పుకుంటారు. "చూడకుండా బాగుందనడం కంటే పెద్ద దొంగతనం లేదు" అన్నాడట.

ఈ నిజాయితీపరుడికి ఒక్కటే పిచ్చి. వేగంగా పోయే కార్లు. ఆయనకు అలాంటి కారు ఎప్పుడూ లేదు. అందుచేత వాటి గురించి తెలియని విషయమంటూ లేదు. పాత టర్బో కారు కొనేవాడు ఇంజన్‌ని ఎలా పరీక్షించాలో పదేళ్లుగా రోజూ పడుకునే ముందు భార్య కన్నికాకు చెబుతూ వచ్చాడు. ఇంజన్ బాగా చల్లారాకే స్టార్ట్ చేయించాలి, ఎందుకంటే వేడిమీద ఉన్న ఇంజన్ తన జబ్బు దాచుకుంటుంది. నూనె మట్టం చూసే ఊచ బయటికి లాగి గుడ్డ మీద తుడవాలి, అందులో ఇనుపరజను మెరిస్తే నమస్కారం పెట్టి వచ్చేయాలి. పొగ నీలంగా వస్తే ఇంజన్ నూనె తాగుతోందన్నమాట. కింద నుంచి టకటకమంటే లోపల అరిగి బోరుకొచ్చిందన్నమాట. ఇతర భార్యలు మొగుడి గురక విని నిద్రపోతే కన్నికా ఇది విని నిద్రపోయేది.

ఇలా ఉండగా ఆఫీసు డైరెక్టరు థావొన్ గారు ఉద్యోగ విరమణ చేసే నెల వచ్చింది. ఆయనకు రెండు తలుపుల నల్లటి జపాన్ టర్బో కారు ఒకటి ఉండేది. వెనక డిక్కీ మీద ఇస్త్రీ బల్లంత రెక్క. సెలవు రోజుల్లో ఆయన అందులో వెళుతుంటే బన్లూ బజారులో చేతిలో గుండు పట్టుకుని తూచే పని మరిచిపోయి నిలబడేవాడు. విరమణ తరువాత ఊరి బయట లంయై పళ్లతోట చూసుకుంటూ గడపాలని డైరెక్టరు గారి సంకల్పం. తోటకు టర్బో కారు పనికిరాదు, పళ్లబుట్టలు మోసే పికప్ కావాలి. బన్లూకు పికప్ ఉంది.

"డబ్బు మాట ఎందుకు తమ్ముడూ, మన మధ్య," అన్నారు డైరెక్టరు గారు. "నీ బండి నాకివ్వు, నా బండి నువ్వు తీసుకో. ఇంత మంచి ఇంజన్ విలువ తెలిసినవాడి చేతిలో పడాలి. నా తరువాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నేను రాసి పంపే విషయానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

సంబంధం ఉందా అని బన్లూ అడగలేదు. అడగకుండానే లేదని చెప్పడం డైరెక్టరు గారి పెద్దమనసు.

ఇక ఆ పికప్ సంగతి. చూడ్డానికి సొట్టలు, తుప్పు. కానీ తాళం తిప్పితే చాలు, వానాకాలమైనా చలికాలమైనా మారుమాట లేకుండా కదిలేది. తెల్లవారకముందే కన్నికా రెండు పెద్ద గుండిగల్లో నూడుల్స్ మీద పోసే ఖావ్ సోయ్ పులుసు, పొయ్యి, నూడుల్స్ గంపలు, బల్లలు అన్నీ అందులో ఎక్కించుకుని కొండ అవతల ఉన్న పెద్ద బజారుకు వెళ్లేది. ఆ గుండిగలు మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవి. బన్లూ జీతంతో ఇంటికి గౌరవం వచ్చేది. ఇల్లు గడిచేది మాత్రం గుండిగల మీద.

సంగతి విని కన్నికా కాసేపు పులుసు కలిపింది.

"నీకు ఆ కారంటే ఎంత ఇష్టమో నాకు తెలుసులేవయ్యా. వద్దనను. ఇంజన్ బాగుంటే తెచ్చుకో. ఒక గుండిగ ముందు సీట్లో, ఒకటి వెనకాల పెట్టుకుని నేనే తిప్పలు పడతాను. బాగోలేదనుకో, మన పికప్ తాళం నీ జేబులోంచి బయటికి రాకూడదు."

"నేను చూడకుండా తీసుకుంటానా కన్నికా? నేను?"

"చూడటం నీకు వచ్చు. అడగటమే రాదు. పదేళ్లు నా చెవిలో చెప్పావే, అదంతా రేపు ఆయన చెవిలో చెప్పు. ఆ ఇంజన్ అమ్మేది నేను కాదుగా."

శనివారం ఉదయం పరీక్షకు ముహూర్తం. బన్లూ ఒక్కడే వెళితే అనుమానించి వెళ్లినట్టు ఉంటుందని ఆఫీసంతా తోడు వెళ్లింది. ఉత్త చేతులతో వెళితే బాగుండదని మాంగోస్టీన్ పళ్లబుట్ట పట్టుకెళ్లారు. పాత కారు పరీక్షించడానికి టార్చి లైటు, తుడిచే గుడ్డ, చిన్న అద్దం కావాలి. బన్లూ అవి కూడా తెచ్చాడు. కనిపిస్తే బాగుండదని పళ్ల కింద పెట్టాడు. పళ్లబుట్టను డైరెక్టరు గారి భార్య వినయంగా అందుకుని లోపలికి తీసుకుపోవడంతో పరీక్షా సామగ్రి అక్కడితో సెలవు తీసుకుంది.

కారు అప్పటికే స్టార్ట్ అయి ఉంది. "మీరంతా ఎండలో నిలబడాల్సి వస్తుందేమోనని పొద్దున్నే తీసి ఊరంతా చుట్టబెట్టి వచ్చానయ్యా. ఇంజన్ వేడిగా, మీ కోసం సిద్ధంగా ఉంది," అన్నారు డైరెక్టరు గారు. బన్లూ బానెట్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. కోడిగుడ్డు పగలగొట్టి పోస్తే అట్టు అయ్యేలా ఉంది. పదేళ్ల పాఠంలో మొదటి అధ్యాయం ఆ చేతి వేడితోనే ముగిసింది.

"మీ దయ సార్," అన్నాడు.

నిపుణుడి అభిప్రాయం కోసం జిల్లా వేగప్రియుల సంఘం అధ్యక్షుడు విరోత్ గారిని ప్రత్యేకంగా పిలిపించారు. విరోత్ గారి సొంత వాహనం స్కూటరు. అయినా జిల్లాలో ఎవరు వేగం గురించి సభ పెట్టినా అధ్యక్షత ఆయనదే. ఆయన గొంతు సవరించుకుని ఇలా ప్రసంగించారు:

"మిత్రులారా, సామాన్యుడు ఇంజన్‌ని చూస్తాడు. తెలిసినవాడు ఇంజన్‌ని వింటాడు. నాలాంటివాడు వినడం కూడా మానేసి ఇంజన్‌ని గౌరవిస్తాడు. ఇంజన్ అంటే ఏమిటి? ఇనుమా? కాదు. వంశం. ఈ ఇంజన్‌ని ఇన్నాళ్లు ఎవరు నడిపారు? మన డైరెక్టరు గారు. ఇక పరీక్ష దేనికి? పరీక్ష పెడితే ఎవరికి పెట్టినట్టు?"

ఈ ప్రశ్నతో సభికులందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. విరోత్ గారు వంగి బానెట్‌కు చెవి ఆనించి, కాలి, ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎర్రబడిన ఆ చెవిని ఇంజన్ శక్తికి నిదర్శనంగా స్వీకరించి అందరూ తలలు ఊపారు.

బానెట్ ఎత్తారు. కింద నుంచి ఎవరో లోపల ఉండిపోయి తలుపు కొడుతున్నట్టు టకటక చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు వినపడకుండా అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంజన్‌కు సరిగ్గా కింద నేల మీద కొత్త పూల చాప పరిచి ఉంది. కారు కింద చాప ఎందుకని ఎవరూ అడగలేదు. చాప మీద నల్లటి నూనె మరక మెల్లగా పాకుతుండగా ఆఫీసు అకౌంటెంటు గారు నేత బాగుందని, ఏ ఊరిదని వాకబు చేశారు.

బన్లూ చెయ్యి దానంతటదే నూనె మట్టం చూసే ఊచ మీదికి వెళ్లింది.

"ఏమిటి తమ్ముడూ, ఏదైనా వెతుకుతున్నావా?" అన్నారు డైరెక్టరు గారు.

"అబ్బే, ఎంత శుభ్రంగా పెట్టుకున్నారా అని చూస్తున్నాను సార్." జేబురుమాలు తీసి ఆ ఊచ పిడిని భక్తిగా తుడిచి, బయటికి లాగకుండా, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పిడి మెరిసింది. లోపల ఏముందో లోపలే ఉంది.

తరువాత డైరెక్టరు గారు స్వయంగా కారు నడిపి చూపించారు. సందు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి నీలం పొగ లేచి పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టల మీదుగా పరుచుకుంది. పక్కింటావిడ బయటికి వచ్చి, ఎవరి కారో చూసి, నవ్వి, బట్టలు తీసుకుని లోపలికి పోయింది. "పరుగు తీసిన గుర్రం నోట నురగ రాదూ? ఇదీ అంతే," అన్నారు విరోత్ గారు దగ్గుతూ.

బన్లూకు అంతా తెలుస్తోంది. ఆ ఇంజన్ బోరుకొచ్చి, నూనె తాగి, చావుబతుకుల్లో ఉందని అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు. కన్నికా గుండిగలు కళ్ల ముందు కదిలాయి. గుండె దిటవు చేసుకుని నోరు తెరిచాడు.

"సార్, ఒక్క మాట..."

అందరూ ఆయన వైపు తిరిగారు. డైరెక్టరు గారు చల్లగా నవ్వారు. "అడుగు తమ్ముడూ. నా దగ్గర మొహమాటపడకు."

మొహమాటపడకు అని పెద్దవాళ్లు అన్నాక ఆ మాట నమ్మి మొహమాటపడకుండా ఉండగలిగినంత మొరటువాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

"ఈ కారు కడగడానికి ఏ సబ్బు వాడతారు సార్?" అన్నాడు బన్లూ.

ఏ సబ్బో డైరెక్టరు గారు వివరంగా చెప్పారు.

ఆ సమయంలో ఆచాన్ ఫయోంగ్ గారు వేంచేశారు. జాతకాలు చూడటంలో, వాహనాల యోగం చెప్పడంలో జిల్లాకంతటికీ గురువు ఆయనే. కుర్చీ వేశారు, చల్లటి నీళ్లిచ్చారు. ఆయన బన్లూ పుట్టిన వారం అడిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, మొహం గంభీరంగా పెట్టారు.

"దోషం ఉంది," అన్నారు.

ఇంజన్ ఒక్కటే టకటకమంటోంది.

"గురువారం పుట్టినవాడికి నల్ల కారు పనికిరాదు. ప్రాణగండం."

ఆ ఉదయం మొదటిసారిగా కారుకు నిజమైన పరీక్ష జరిగింది. సభికులు మోకాళ్ల మీద కూర్చున్నారు. తలుపుల సందుల్లో, డిక్కీ లోపల, చక్రాల వెనక ఎక్కడైనా నలుపు కాని రంగు ఉందేమోనని వెతికారు. ఎండలోకి తోసి చూశారు, నీడలోకి తోసి చూశారు. ముదురు నీలం అనవచ్చేమోనని అకౌంటెంటు గారు సూచించగా ఆచాన్ గారు ఒప్పుకోలేదు. ఇంత నిశితమైన పరీక్షను తట్టుకోలేక కారు నల్లదేనని రుజువైంది.

బన్లూకు మాత్రం పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఎవరినీ నొప్పించకుండా, ఇంజన్ మాటెత్తకుండా, గౌరవంగా బయటపడే దారి దేవుడే చూపించాడు. రేపు తెల్లవారుజామున కన్నికా గుండిగలతో పికప్ కొండ దిగుతున్న దృశ్యం కళ్ల ముందు కదిలింది. కష్టపడి దిగులు మొహం పెట్టాడు.

"నా అదృష్టం ఇంతే సార్. ఇంత మంచి ఇంజన్... గురువారం పుట్టడం నా తప్పు. మీకు ఇంకెవరైనా యోగ్యుడు దొరుకుతాడు," అని చేతులు జోడించి, పికప్ వైపు వెళ్లాడు. తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు.

"ఆగు నాయనా," అన్నారు ఆచాన్ ఫయోంగ్. "దోషం చెప్పి వదిలేసేవాడిని కాను నేను. శాంతి కూడా నా దగ్గరే ఉంది." సంచిలో నుంచి స్టిక్కర్ల కట్ట తీశారు. ఎరుపు, పసుపు, ఊదా అని రాసినవి ఒక్కొక్కటే పక్కన పెట్టి చివరికి కావలసినది బయటికి లాగారు. ఈ కారు నారింజ రంగుది.

స్టిక్కరును డైరెక్టరు గారు స్వహస్తాలతో అంటించి బుడగలు లేకుండా అరచేత్తో నిమిరారు. అందరూ చప్పట్లు కొట్టారు. దోషం పోయింది. ఇక వద్దనడానికి ఏ కారణమూ మిగల్లేదు, ఇంజన్ తప్ప.

తాళాలు మార్చుకునే ముందు డైరెక్టరు గారు పికప్‌ని మాత్రం తన మెకానిక్ చేత పైనా కిందా చూపించారు. పొద్దున్న వచ్చినప్పటి నుంచి పక్కన ఆపి ఉంచినందువల్ల దాని ఇంజన్ చల్లగానే ఉంది. మెకానిక్ ఊచ లాగి తుడిచి చూసి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. "ఏమీ అనుకోకు తమ్ముడూ, పెద్దవాడిని కదా, చాదస్తం," అన్నారు డైరెక్టరు గారు. బన్లూకు ఏడుపొచ్చింది. అవి ఆనందబాష్పాలని అందరూ అర్థం చేసుకున్నారు.

ఇంటి ముందు పొగలో నుంచి దిగిన భర్తను కన్నికా గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంజన్ చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

బన్లూ కొత్త తాళం జేబులో వేసుకున్నాడు. "నారింజ రంగులో ఉంది," అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఒక గుండిగను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. రెండోది ఎటు తిప్పినా వెనక పట్టలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. నారింజ రంగు కారు వాగు వంతెన దాకా వెళ్లి, పెద్దగా ఒక దగ్గు దగ్గి, ఆగిపోయింది. పులుసంతా సీటు తాగింది. దారిన పోతున్న అకౌంటెంటు గారు స్కూటరు ఆపి, కొత్త కారుకు అభినందనలు చెప్పి, తొయ్యడానికి ఒక చెయ్యి కూడా వేసి, "ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉందండీ," అన్నారు. కన్నికా ఖాళీ గుండిగను దించుకుని, "ఇక ఇంటికి వెళదాం రండి," అంది మొగుడితో. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె మొగుడితో అంత మర్యాదగా లేదు. బన్లూకు అదే ఎక్కువ భయమేసింది.

బజారు మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. మళ్లీ దించి, రెండు చేతులూ జోడించి కారుకు దణ్ణం పెట్టి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజుతో పెద్ద బజారు వ్యాపారం ఆగిపోయింది. కొండ అవతలికి గుండిగలు మోసే నాథుడు లేడు. కన్నికా ఒక తోపుడుబండి అద్దెకు తెచ్చి, ఒకే ఒక్క చిన్న గిన్నెతో సాయంత్రాలు సందు చివర నిలబడటం మొదలుపెట్టింది. బన్లూ మాత్రం ఆచాన్ గారి దుకాణానికి వెళ్లి, కొంచెం సిగ్గుపడుతూనే, కొత్త రకం స్టిక్కరు చేసిపెట్టమన్నాడు. ఆచాన్ గారు కారణం అడగలేదు. అడ్వాన్సు అడిగారు. ఇంటి ముందు కదలకుండా ఉన్న కారు వెనక అద్దం మీద మొదటిదాని కింద రెండో స్టిక్కరు వెలసింది: "ఈ కారు ఇంజన్ బాగుంది." చుట్టుపక్కలవాళ్లు చదివి సంతోషించారు. బాగున్న కారు కదలదేమని అడగడం మర్యాద కాదు గనుక అడగలేదు.

నెలాఖరున డైరెక్టరు గారు ఉద్యోగం విరమించారు. ఆయన రాసి పంపిన ప్రకారం బన్లూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. కొత్త డైరెక్టరుగా బన్లూ జారీ చేసిన మొదటి ఉత్తర్వును ఇక్కడ మెచ్చుకోక తప్పదు. ఇకపై కాటాలను గుండ్లు పెట్టి తూచి చూసే పద్ధతి వ్యాపారుల మనసు నొప్పించేదిగా ఉన్నందున రద్దు చేయడమైనది, "పరీక్షించబడినది" అనే స్టిక్కర్లు నేరుగా దుకాణాలకే పంపబడును. కోడిగుడ్ల వ్యాపారి పూలమాల పట్టుకొచ్చాడు. ఇత్తడి గుండ్లను ఆఫీసు కాగితాలు ఎగిరిపోకుండా వాడుతున్నారు.

కొత్త డైరెక్టరు గారింట్లో విందు లేకపోతే ఎలా? కన్నికా ఖావ్ సోయ్ పేరు జిల్లా అంతటా మోగుతోంది. ఆఫీసంతా వచ్చింది. విరోత్ గారు, ఆచాన్ ఫయోంగ్ గారు, థావొన్ గారు కూడా వచ్చారు. థావొన్ గారు పికప్‌లో వచ్చారు. "నీ బండి బంగారం తమ్ముడూ, ఒక్క రోజు మొరాయించలేదు," అన్నారు దిగుతూనే.

అందరూ బల్లల ముందు కూర్చున్నారు. కన్నికా లోపలి నుంచి గిన్నెలు తెచ్చి ఒక్కొక్కరి ముందూ జాగ్రత్తగా పెట్టింది. గిన్నెల్లో ఏమీ లేదు. ప్రతి గిన్నె అంచుకూ గుండ్రటి తెల్ల అక్షరాల స్టిక్కరు ఒకటి ఉంది. ఈ గిన్నెలో ఖావ్ సోయ్ ఉంది.

ఆచాన్ గారు అక్షరాలు చూసి తన ముద్రణేనని గుర్తుపట్టి గర్వపడ్డారు. మిగతావాళ్లు గిన్నె వంకా, కొత్త డైరెక్టరు వంకా, మళ్లీ గిన్నె వంకా చూశారు. చివరికి విరోత్ గారు బాధ్యత తీసుకున్నారు. చెంచా ముంచి, పైకెత్తి, ఊది చల్లార్చి, నోట్లో పెట్టుకున్నారు.

"కొబ్బరిపాలు అమోఘం," అన్నారు.

దాంతో అందరి చెంచాలూ కదిలాయి. ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నారు. కోడిముక్క వెన్నలా ఉందన్నారు. అకౌంటెంటు గారు కారం ఎక్కువై మధ్యలో నీళ్లు తాగారు. థావొన్ గారు నా కడుపులో చోటు లేదంటూనే రెండోసారి వడ్డించుకున్నారు.

"ఏమయ్యా, నీకెలా ఉంది?" అంది కన్నికా, మొగుడి పక్కన నిలబడి. మామూలు గొంతుతోనే అడిగింది. ఆయన ఒక్కసారి తలెత్తి, ఇందులో ఏమీ లేదు కన్నికా అంటే చాలు, పికప్ పోయినా ఫరవాలేదనుకుని ఉండేది. బన్లూ గిన్నెలోకి చూశాడు. గిన్నె అడుగున తన మొహం మసకగా కనిపించింది. చుట్టూ అందరి చెంచాలూ ఆగిపోయి ఎదురుచూస్తున్నాయి.

"బాగుంది," అన్నాడు.

గిన్నెలు కడగవలసిన పని లేనందువల్ల విందు పెందలాడే ముగిసింది. కడుపు పట్టనంత తిన్నామని చెప్పి అందరూ సెలవు తీసుకున్నారు. కన్నికా వంటింటి వెనక మూత పెట్టి ఉంచిన అసలు గిన్నెను తోపుడుబండి మీద పెట్టుకుని, రోజూలాగే సందు చివరికి వెళ్లి దీపం వెలిగించింది.

మొదట అకౌంటెంటు గారు ఒంటరిగా, గోడ వారగా నడుచుకుంటూ వచ్చారు.

"ఇందాకే కడుపు నిండిందన్నారు బాబాయ్?" అంది కన్నికా.

"నాకు కాదమ్మా. మా కుక్కకి. ఒకటి పొట్లం కట్టు. కొంచెం కారం ఎక్కువ వెయ్యి."

"కుక్కకి కారమా?"

"అలవాటు పడింది."

తరువాత విరోత్ గారు వచ్చారు, కుక్కకే. ఆచాన్ గారిది శుక్రవారం పుట్టిన కుక్కట. థావొన్ గారికి రెండు కుక్కలున్నాయట. పికప్‌ను మూల మలుపులో ఆపి నడిచి వచ్చారు. వరసలో ఒకరికొకరు ఎదురుపడి, అరగక నడకకు వచ్చామని చెప్పుకున్నారు. కన్నికా ఎవరికీ ధర తగ్గించలేదు.

అందరూ వెళ్లిపోయాక చివరగా బన్లూ వచ్చి నిలబడ్డాడు. పులుసు వాసనకు ఆయన కడుపులో నుంచి ఒక శబ్దం వచ్చింది. కన్నికా గరిటె పట్టుకుని ఎదురుచూసింది.

"ఒకటి పొట్లం," అన్నాడు అటూ ఇటూ చూసి. "కుక్కకి."

"మనకు కుక్క లేదు కదయ్యా."

బన్లూ ఇంటి ముందున్న కారు వైపు చూశాడు.

"స్టిక్కరు వేయిద్దాం," అన్నాడు.

ఆ సాయంత్రం లెక్క ప్రకారం మా ఊళ్లో పెద్దమనుషులు అందరికీ కుక్కలున్నాయి. ఇంతవరకు ఒక్కటీ మొరిగినట్టు ఎవరూ వినలేదు.